పిట్ట ముట్టింది

ఆదివారం పొద్దున తొమ్మిది కాకముందే క్యాంపు డాబా మీద అరవై మంది పోగయ్యారు. పోయింది ప్రమోద్ తల్లి సాయవ్వ. శుక్రవారం తెల్లవారుజామున జగిత్యాల దగ్గరి పల్లెలో కన్నుమూసింది. ప్రమోద్ పాస్‌పోర్టు కంపెనీ ఆఫీసులో ఉంది. ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, సంతకం పెడితే గాని అది బయటికి రాదు. ముదీర్ సోమవారం గాని రాడు. అక్కడ చిన్నకొడుకు మట్టి చేశాడు. ఇక్కడ దుబాయ్ అల్ కుసైస్‌లో, నాలుగంతస్తుల లేబర్ క్యాంపు డాబా మీద, నీళ్ల ట్యాంకుల నడుమ, పెద్దకొడుకు మూడోనాటి పిట్టకు పెడుతున్నాడు.

పెట్టిస్తున్నది వీరేశం.

హన్మంతు మెట్లగది గోడకు ఆనుకుని నిలబడ్డాడు. దగ్గరికి పోలేదు. రాకుండా గదిలో పడుకుంటే నలుగురూ ఏదో ఒకటి అంటారని వచ్చాడు, అంతే.

వీరేశం క్యాంపులో బాత్రూములు కడిగే మనిషి. ఆరు రోజులు మోకాళ్లదాకా రబ్బరు బూట్లు తొడుక్కుని, ఫినాయిలు డబ్బా, పొడుగు కర్ర బ్రష్షు పట్టుకుని అంతస్తు తర్వాత అంతస్తు తిరుగుతాడు. ఆ ఆరు రోజులూ ఎవడు పడితే వాడు ‘ఓ అయ్యా, మూడో నంబర్ల నీళ్లు పోతలెవ్వు’ అని కేకేస్తాడు. ఏడోనాడు అదే మనిషి తలంటుకుని, నొసట మూడు వేళ్ల విభూతి పెట్టుకుని, భుజాన ఉతికిన తువ్వాలుతో మెట్లెక్కి వస్తే అరవై మంది లేచి నిలబడతారు. హన్మంతు ఇరవై రెండేళ్ల నుంచి దుబాయ్‌లో షట్టరింగ్ వడ్రంగి. అతను కట్టిన పెట్టెల్లో పోసిన కాంక్రీటు ముప్ఫై అంతస్తులై, నలభై అంతస్తులై నిలబడి ఉంది. అతను డాబా మీదికొస్తే ఎవడూ చాచుకున్న కాళ్లు కూడా ముడవడు.

మోదుగ విస్తరి లేదు. మెస్సులో బిర్యానీ కట్టే రేకు పళ్లెం తెచ్చారు. అందులో అన్నం, బోటి కూర, రెండు ఉడికిన గుడ్లు. పక్కన కల్లుకు బదులు లబన్ మజ్జిగ సీసా. వీరేశం ఒక బీడీ కూడా పెట్టించాడు.

“మా అవ్వ బీడీలు చేసింది గని తాగలే, అయ్యగారు,” అన్నాడు ప్రమోద్.

“చేసిన చెయ్యి గదరా. ఉండనీ.”

ఆ మాటకు ఇద్దరు ముగ్గురు తలలూపారు. చూశావా, ఎంత మాటన్నాడో అన్నట్టు. హన్మంతుకు ఒళ్లు మండింది. ఆ మాటలో ఏముంది? ఎవడైనా అంటాడు. కానీ ఎవడో ఎందుకంటాడు, ముందు వీడు అనేస్తాడు.

అందరూ వెనక్కి జరిగారు. ఇక పిట్ట రావాలి. వచ్చి అన్నం ముట్టాలి. ముట్టకపోతే పోయిన మనిషి మనసులో ఏదో మిగిలిపోయినట్టు లెక్క. అదేమిటో కనిపెట్టి, నేను చూసుకుంటానని మాట ఇవ్వాలి. మాట సరైనదైతే పిట్ట దిగుతుంది. ఊళ్లో అయితే ఏ చెట్టు చూసినా కాకులే. అల్ కుసైస్‌లో గోరింకలు ఉన్నాయి, పావురాలు కావలసినన్ని ఉన్నాయి. కాకి మాత్రం ఎప్పుడో ఒకసారి కనబడుతుంది.

“అవ్వా,” అన్నాడు ప్రమోద్, “తమ్మున్ని మంచిగ సూసుకుంట.”

ఏమీ రాలేదు.

“పొలం కాడ బోరు ఏపిస్త.”

ఒక పావురం ట్యాంకు మీద వాలి, ఇటు చూసి, అటు పోయింది.

“అరేయ్, మీ అవ్వకు టీవీల సీరియల్ అంటే పానం గదరా,” అన్నాడు రాకేశ్ వెనకనుంచి. “కొత్త టీవీ అను, ఉరికొస్తది.”

కొందరు నవ్వారు. ప్రమోద్ కూడా నవ్వబోయి ఏడ్చాడు. “అవ్వా, నీ బర్రెను అమ్మనియ్య. తమ్ముడు అమ్ముతనంటుండు. నేను అమ్మనియ్య.”

అప్పుడు వీరేశం కదిలాడు. పళ్లెం దగ్గర గొంతుక్కూర్చుని, అన్నం మీదికి వంగి పెదవులు కదిపాడు. ఏమన్నాడో ఎవరికీ వినబడలేదు. తర్వాత లేచి, పిట్టగోడ దగ్గరికి పోయి, గొంతులోంచి లోతుగా, సాగదీసి పిలిచాడు. “రా… రా… రా…” నాలుకతో రెండుసార్లు చప్పుడు చేశాడు.

మెస్సు వెనకవైపు నుంచి ఒక కాకి లేచింది. బూడిదరంగు మెడ కాకి. డాబా చుట్టూ ఒకసారి తిరిగి, పళ్లెం అంచున వాలి, బోటి ముక్క ఎత్తుకుపోయింది.

“ముట్టింది!” అని అరవై మంది ఒక్కసారిగా ఊపిరి వదిలారు. ప్రమోద్ కింద కూలబడి వీరేశం కాళ్లు పట్టుకున్నాడు. వెనక ఇంకొకడు, వాడి వెనక ఇంకొకడు వంగారు. వీరేశం కాళ్లు వెనక్కి తీసుకోబోయాడు. ట్యాంకు అడ్డమైంది.

షార్జా రోలా నుంచి వచ్చిన రామ్మోహనరావు ఇదంతా ఫోనులో వీడియో తీశాడు. ఇన్సూరెన్స్ ఆఫీసులో మేనేజరు, కాకినాడ వైపు మనిషి, తెలుగు సంఘానికి కార్యదర్శి. వచ్చే నెల సంఘం వార్షికోత్సవంలో వీరేశానికి శాలువా కప్పుతారట. ఆయన జీవితం మీద చిన్న పుస్తకం కూడా వేస్తారట. దానికోసం రెండు వారాల నుంచి క్యాంపుకు వచ్చి అందరినీ అడిగి రాసుకుంటున్నాడు.

“మా వైపు కాకే ముట్టాలంటారండి. మీలో ఏ పక్షైనా పరవాలేదా?”

“మా నోట్ల పిట్ట అంటం సార్,” అన్నాడు వీరేశం. “ఏ పిట్టయినా పిట్టనే. కని మనోళ్లకు కాకి దిగితెనే పానం కుదుటవడ్తది.”

ఇంతలో మనుషులు రామ్మోహనరావు చుట్టూ మూగారు. సోనాపూర్‌లో, శవాలను ఊళ్లకు పంపేచోట, పెట్టె మూసేముందు అయ్యగారు గంట కొడితే అరబ్బు పోలీసు కూడా టోపీ తీశాడని ఒకడన్నాడు. ఆయన విభూతి పెడితే జ్వరం దిగిందని ఇంకొకడు. పోయిన వారం ఇదే మాట చెప్పినప్పుడు జ్వరం ఒకడికే ఉంది. ఈ వారం గదికంతా వచ్చింది.

“అసలు మొట్టమొదట పిట్టకు పెట్టించింది ఎవరికండి?”

ముఖాలన్నీ మెట్లగది వైపు తిరిగాయి.

“హన్మంతు కాక పెండ్లానికి సార్,” అన్నాడు ప్రమోద్ కళ్లు తుడుచుకుంటూ. “కిష్టవ్వ. కరోనాల సచ్చిపోయింది. ఇమానాలు బందున్నయి. గీ డాబా మీదనే పెట్టిండ్రు. మొదటి కాకి గదే.”

రామ్మోహనరావు మనుషుల్ని తోసుకుంటూ వచ్చాడు. “మీ మాటలతోనే పుస్తకం మొదలుపెడతానండి హన్మంతుగారూ. శుక్రవారం సాయంత్రం వస్తాను. కళ్లారా చూసినవారు మీరే కదా.”

హన్మంతు వీరేశం వైపు చూశాడు. వీరేశం పళ్లెం ఎత్తుతూ తల వంచుకున్నాడు.

“చెప్త,” అన్నాడు హన్మంతు.

*

సోమవారం తెల్లవారకముందే బస్సు. సైటు ఉమ్ అల్ క్వైన్‌లో. గోదాముల పునాదులు అయిపోయి, స్తంభాలకు పెట్టెలు కడుతున్నారు. హన్మంతు ప్లైవుడ్‌కు ఆయిలు పూసి, అంచులు కలిపి, మేకు పెట్టి కొడుతుంటే ప్రమోద్ రెండోవైపు పట్టుకున్నాడు.

“రాత్రి మంచిగ నిద్ర పట్టింది కాక. మూడొద్దుల తర్వాత.”

“ఊఁ.”

“ఆ బర్రె ముచ్చట నేను అయ్యగారికి ముందుగాల చెప్పనే లేదు. నేను చెప్పంగనే ఆయన వంగి అవ్వకు ఏమో చెప్పిండు సూడు. అవ్వ ఇన్నది. ఆయన నోట్ల ఏదో ఉన్నది కాక.”

“గట్టిగ పట్టు.”

“నీకైతే ఎరుకే గద. నీ పెండ్లానికి ఏమని చెప్పిండు?”

హన్మంతు మేకు మీద కొట్టాడు. మేకు వంగింది. పీకి ఇంకొకటి పెట్టాడు.

మూడేళ్లుగా అతన్ని తినేస్తున్నది అదే. ఆనాడు క్యాంపు గేటుకు తాళం. డాబా మీదికి ఇద్దరినే పోనిచ్చారు. హన్మంతు నోటికొచ్చిన మాటలన్నీ ఇచ్చాడు. కొడుకు చదువు అన్నాడు, ఇంటిమీద రేకులు తీసి స్లాబు అన్నాడు, తన తమ్ముడితో మాటలు కలుపుకుంటా అన్నాడు. ఏ పిట్టా రాలేదు. ఎండ నెత్తికెక్కింది. అతను ట్యాంకు అవతలికి పోయి గోడకు ముఖం పెట్టి కూర్చున్నాడు. పోయేముందు చూశాడు: వీరేశం అన్నం మీదికి వంగి పెదవులు కదుపుతున్నాడు. ఎంతసేపటికో ‘ముట్టింది హన్మంతన్నా’ అన్న కేక. ఉరికొచ్చి చూస్తే మెతుకులు చెదిరి ఉన్నాయి. కాకి అప్పటికే పోయింది.

పెండ్లయి ఇరవై ఏళ్లయిన పెండ్లానికి తన మాట పట్టలేదు. వాడి మాట పట్టింది.

వీరేశానిది పోతారం. అది కిష్టవ్వ తల్లిగారి ఊరు. వాడు ఈ క్యాంపుకు వచ్చిన కొత్తలో హన్మంతు ఫోనులో ఆ సంగతి చెప్తే ఆమె నవ్వింది. ‘వీరిగాడా! మా ఇంటి ముందట గోలీలాడెటోడు. బక్కగ, పుల్లలెక్క. తింటుండా సక్కగ? అడుగు.’ ఆ నవ్వు హన్మంతుకు ఇప్పటికీ చెవిలో ఉంది. తాను తింటున్నాడో లేదో అడిగేటప్పుడు ఆమె నవ్వేది కాదు. జాబితా చదివినట్టు అడిగేది. ఆమె మనసులో మిగిలిన మాట వాడికెట్లా తెలిసింది? ఏం చెప్పి దింపాడు?

సుత్తి ఎడమ బొటనవేలి మీద పడింది.

“అరె ఉస్తాద్!” అని ఫోర్‌మన్ కలీం పరుగెత్తుకొచ్చాడు. “ధ్యాన్ కహాఁ హై తేరా? ధ్యాస ఎక్కడుంది?” వేలు పట్టుకుని చూసి మూతి విరిచాడు. “ఖలాస్. గాడీలో కూర్చో.”

క్లినిక్కులో గోరు తీసేసి, గుడ్డ చుట్టి, నాలుగు రోజులు పని వద్దని చీటీ రాసిచ్చారు.

*

ఇరవై రెండేళ్లలో హన్మంతు పనిరోజున క్యాంపును పగటిపూట చూడలేదు. చీకటితో పోవడం, చీకటితో రావడం. మంగళవారం ఎనిమిదింటికి లేచి వరండాలోకి వస్తే వేరే ఊరికి వచ్చినట్టుంది. తీగల మీద వందల చొక్కాలు. ఏసీల నుంచి బొట్లు బొట్లుగా నీళ్లు. ఎక్కడో ఒక కుళాయి చప్పుడు. మనిషి లేడు.

చాయ్ కోసం మెస్సుకు దిగాడు. వంటవాడు తబ్రేజ్ గిన్నెలు తోమిస్తున్నాడు. చాయ్ కప్పు పట్టుకుని, నీడ ఉందని వెనక తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

చెత్త డ్రమ్ముల పక్కన, బోర్లించిన బకెట్టు మీద వీరేశం కూర్చుని ఉన్నాడు. రబ్బరు బూట్లతోనే. ఒళ్లో ఒక ప్లాస్టిక్ సంచీ. అందులోంచి చేప తల తీసి ముందు పారేసి, గొంతులోంచి లోతుగా, సాగదీసి అన్నాడు. “రా… రా… రా…” నాలుకతో రెండుసార్లు చప్పుడు చేశాడు.

గోడ మీదినుంచి ఒకటి, తర్వాత రెండు, తర్వాత అయిదు కాకులు దిగాయి. బూడిదరంగు మెడలవి. ఒకటి వాడి బూటు మీదికే ఎక్కింది.

హన్మంతు చేతిలో చాయ్ చల్లారిపోయింది.

“ఏమన్నా, అయ్యగారి కవ్వల్ని చూస్తున్నవా?” అని తబ్రేజ్ వెనకనుంచి నవ్వాడు. “కరోనా కాడికెల్లి రోజూ నా దగ్గర మచ్లీ తలకాయలు తీస్కపోతడు. ఎందుకయ్యా అంటే పుణ్యం అంటడు. పుణ్యం గిణ్యం నాకేం ఎరుక? నా కచరా అయితే తగ్గుతుంది.”

“ఎవలకన్న చెప్పినవా?”

“ఎవలున్నరు చెప్పనీకి? మీరంతా సైట్ల మీద. ఇక్కడ నేను, అయ్యగారు, ఈ కవ్వలు.”

హన్మంతు గదికి పోయి మంచం మీద కూర్చున్నాడు. నవ్వొచ్చింది. బిగ్గరగానే నవ్వాడు. ఏ నోటి మహిమ? చేప తలకాయల మహిమ. ఇక శుక్రవారం ఉంది. ఫోను ముందు కూర్చోబెట్టి అడుగుతాడు రామ్మోహనరావు. అరవై మంది వింటుంటారు. ‘కళ్లారా చూసిన సార్. మెస్సు ఎనుక చూసిన’ అంటే చాలు. శాలువా లేదు, పుస్తకం లేదు. ఆరు రోజులు కాదు, ఏడు రోజులూ చీపురే.

సాయంత్రం బస్సులు వచ్చాక ప్రమోద్ వచ్చి అతని వేలు చూశాడు. సగం అరటిపండు ఒలిచి ఇచ్చాడు.

“శుక్రారం మంచిగ చెప్పు కాక. అయ్యగారికి పేరు రావాలె.”

“చెప్త బిడ్డా. ఉన్నదున్నట్టు చెప్త.”

బుధవారమంతా ఆ మాటల్ని నోట్లో తిప్పుకున్నాడు. ముందు ఏది చెప్పాలి, తర్వాత ఏది. ఎక్కడ ఆగితే జనం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఎంత తిప్పినా ఒక ముక్క గొంతులో అడ్డం పడుతోంది. కాకి చేపలకు వచ్చింది, సరే. మరి వాడి పెదవులు ఎందుకు కదిలాయి? కిష్టవ్వతో వాడు అన్నదేమిటి? ఆ ముక్క తెలియకుండా శుక్రవారం నోరు తెరవలేడు.

*

గురువారం పది గంటలకు వీరేశం మూడో అంతస్తు బాత్రూములో ఉన్నాడు. నేల మీద పొడి చల్లి, బ్రష్షు రెండు చేతులా పట్టుకుని, మూలల్లో మోకాలు ఆనించి రుద్దుతున్నాడు. హన్మంతు గుమ్మంలో నిలబడ్డాడు.

“జారుతది, ఆగు,” అన్నాడు వీరేశం.

“కాకులను మేపవడితివి గదనయ్యా. చేప తలకాయలేసి.”

వీరేశం బ్రష్షు ఆపలేదు. మూల అయిపోయాక ఆపాడు.

“ఔ.”

కాదంటాడనుకున్నాడు హన్మంతు. కాళ్లు పట్టుకుంటాడనుకున్నాడు. దానికి తగ్గ మాటలు సిద్ధం చేసుకున్నాడు. అవన్నీ వృథా అయ్యాయి.

“నా పెండ్లానికి గూడ గిట్లనే పిలిచినవా? చేపకొచ్చిన కాకేనా అది?”

“లేదన్న. అప్పుడు నాకు కాకులు లెవ్వు.”

“మరి ఏం చెప్పినవ్ దానికి? నీ పెదవులు కదిలినయ్. నేను సూసిన. మూడేండ్లాయె, అడుగుదామంటే నోరొస్తలేదు. ఇప్పుడు అడుగుతున్న. నా పెండ్లానికి నువ్వేం చెప్పినవ్? నేను చెప్పనిది నీకేం ఎరుక?”

వీరేశం బకెట్లో నీళ్లు తీసి నురుగు మీద పోశాడు. నురుగు జాలీ వైపు పారింది.

“‘రా కిష్టక్కా, ఒక్కపారి రా’ అన్న. గంతే.”

“దానికే వచ్చిందా?”

“రాలే.”

“ఏంది?”

“రాలేదన్న. నీ మాటకు రాలే, నా మాటకు రాలే. ఏ పిట్టా రాలే. పొద్దుగాల ఎక్కినం, పన్నెండున్నరాయె. నువ్వు గోడకు మొకం వెట్టుకొని కూసున్నవ్. నీ ఈపు ఊగుతుండె. కిందికెల్లి సెక్యూరిటోడు దిగుండ్రి దిగుండ్రి అని ఒర్లుతుండె. ఇంక నేనే చెయ్యివెట్టి మెతుకులు చిమ్మిన. ముట్టిందని ఒర్రిన.”

హన్మంతు కట్టుకట్టిన చేతిని గోడకు ఆనించాడు.

“తెల్లారి సంది చేప తలకాయలు ఏసుడు సురువు చేసిన,” అన్నాడు వీరేశం. “ఎనిమిది నెలలు వట్టింది ఒక్కటి దిగనీకి. ఇంకొకడు గట్ల గోడకు మొకం వెట్టి కూసోవద్దని.”

“నాకెందుకు చెప్పినవ్ గిది?”

“అడిగితివి.”

“అబద్ధం చెప్తె అయిపోవు గద! గన్ని అబద్ధాలాడినోనివి, గిదొక్కటి…”

వీరేశం బ్రష్షు తీసుకుని రెండో మూలకు పోయాడు. మళ్లీ రుద్దడం మొదలుపెట్టాడు. కొంతసేపు చూసి హన్మంతు తిరిగి వచ్చేశాడు.

మంచం మీద పడుకుని పైన మంచం చెక్కను చూశాడు. మూడేళ్లు ఆమె మీద కోపం పెంచుకున్నాడు, పరాయివాడి మాటకు దిగొచ్చిందని. ఆమె దిగనే లేదు. పోతారం వీరిగాడి మాటకైనా దిగి ఉంటే ఎంత బాగుండేదో. కనీసం తిన్నదన్న తృప్తి ఉండేది. ఆమె మనసులో మిగిలిన మాట అలాగే మిగిలిపోయింది. ఆ మాట ఏమిటో హన్మంతుకు తెలుసు. ఆనాడూ తెలుసు. కొడుకు చదువు, స్లాబు, తమ్ముడు, అన్నీ అన్నాడు గాని ఆ ఒక్కటీ అనలేదు.

*

శుక్రవారం సైటు నుంచి బస్సులు తొందరగా వస్తాయి. సాయంత్రం ఆరింటికి రామ్మోహనరావు వచ్చాడు. మెస్సు హాల్లో బల్ల మీద ఫోనుకు చిన్న కాళ్లు పెట్టి నిలబెట్టాడు. ఒళ్లో నోటుబుక్కు. కిటికీలోంచి ఇంకా ఎండ పడుతోంది. జనం బెంచీల మీద, నేల మీద, గుమ్మంలో సర్దుకున్నారు. ప్రమోద్ ముందు వరుసలో. వీరేశం వెనక గోడ దగ్గర నిలబడ్డాడు, బూట్లు విప్పి.

“చూసి చెప్పు కాక,” అన్నాడు రాకేశ్. “సినిమాల పడ్తున్నవ్. ఆ మొకం జర ఇప్పు.”

“నీ మొకం పెడ్తె ఫోను పగుల్తది, మూస్కో,” అన్నాడెవడో.

రామ్మోహనరావు చెయ్యెత్తి అందరినీ ఊరుకోబెట్టాడు. “చెప్పండి హన్మంతుగారూ. ఆ రోజు ఏం జరిగింది?”

హన్మంతు ప్రమోద్ ముఖం చూశాడు. వాడి పక్కన ఇంకో ఏడుగురు ఉన్నారు, తల్లులకూ తండ్రులకూ ఈ డాబా మీదే పెట్టినవాళ్లు. ఒక్క మాట అంటే వాళ్ల కాకులన్నీ చేపల కాకులైపోతాయి. వాళ్ల సంగతి అతనికి పట్టలేదు. అసలు సంగతి వేరు. వాళ్లవి చేపలకైనా వచ్చాయి.

“పొద్దుగాల ఎక్కినం సార్. అన్నం, కోడికూర, రెండు సర్వపిండి ముక్కలు వెట్టినం. దానికి సర్వపిండంటే ఇష్టం. శానసేపు రాలే.”

“తర్వాత వచ్చింది. మీరు కళ్లారా చూశారు.”

“సూసిన.”

“అయ్యగారు ఏదో చెప్పారటగా. ఆ మాటకే దిగిందని అందరూ అంటున్నారు.”

“అయ్యగారు ఏమనలే,” అన్నాడు హన్మంతు. గొంతు గట్టిగా వచ్చింది. “నేను పిలిచిన. నా మాటకే వచ్చింది.”

హాలంతా ఒకసారి కదిలింది. తలలు వెనక్కి తిరిగాయి. హన్మంతు కూడా గోడ వైపు చూశాడు, కాదంటావా, అను అన్నట్టు.

“ఔ సార్,” అన్నాడు వీరేశం. “ఆయన పిలిస్తెనే వచ్చింది. నేను ఉత్తగ నిలవడ్డ.”

“అలాగా! ఇది ఎవరూ చెప్పలేదే.” రామ్మోహనరావు కలం తీశాడు. “ఏమని పిలిచారండి?”

దీనికి హన్మంతు మాటలు సిద్ధం చేసుకోలేదు. అక్కర్లేకపోయింది. అవి నాలుక కిందే ఉన్నాయి.

“‘వస్తున్న కిష్టవ్వా. మల్ల దుబాయ్ పోను’ అన్న. అనంగనే దిగింది.”

ఎవరో చప్పరించారు. ప్రమోద్ మోచేతితో ముక్కు తుడుచుకున్నాడు. రామ్మోహనరావు ప్రతి అక్షరం రాసుకుని, చుక్క పెట్టి, తలెత్తాడు. మంచి మనిషి. మనసులో ఏ విషమూ లేకుండానే అడిగాడు.

“మరి వెళ్ళిపోలేదేమండి?”

హన్మంతు కట్టుకట్టిన వేలిని రెండో చేత్తో పట్టుకున్నాడు. ఈ మూడేళ్లలో రెండుసార్లు సెలవు మీద పోయాడు. రెండుసార్లూ నలభై రోజులకే తిరిగొచ్చాడు. అది అక్కడున్న ప్రతి ఒక్కడికీ తెలుసు. తిరిగొచ్చినప్పుడు తెచ్చిన అప్పాలు తిన్నవాళ్లే అందరూ. దేనికైనా ఒక మాట విసిరే రాకేశ్ చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

“అంటే, పుస్తకం చదివేవాళ్లు అడుగుతారు కదండీ,” అన్నాడు రామ్మోహనరావు మెల్లగా. “మాట ఇచ్చారు, ఆవిడ వచ్చారు. తర్వాత మీరు… అది ఎలా రాయమంటారు?”

“నేనే ఆపిన సార్.”

వీరేశం గోడ దగ్గరనుంచి ముందుకు వచ్చాడు.

“పోతనన్నడు. పోయేటోడే. నేనే పోవద్దన్న. ఇచ్చిన మాటకు ప్రాయశ్చిత్తం ఉంటది, నేను చూసుకుంట, ఇంకో ఏడాది ఉండుమన్న. మల్ల ఏడాది గూడ గదే చెప్పిన. సచ్చినోళ్లకు ఇచ్చిన మాట ఆయనతోని నేనే తప్పించిన. గా పాపం నాది. గట్లనే రాసుకోండ్రి.”

ప్రమోద్ మెల్లగా వెనక్కి తిరిగి వీరేశాన్ని చూశాడు. అంతకుముందు ఎప్పుడూ అలా చూడలేదు. ‘గట్ల జేసిండా అయ్యగారు?’ అని గుమ్మంలో ఎవడో పక్కవాడి చెవిలో అన్నాడు. ‘సచ్చినోళ్ల మాట గదరా…’ అని పక్కవాడు.

రామ్మోహనరావు ముఖం చిన్నబోయింది. కలం కాగితం మీద కొంతసేపు ఆగింది. “ఇది… రాయమంటారా?” అని హన్మంతును అడిగాడు.

వీరేశం హన్మంతు వైపు చూడటం లేదు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటున్నాడు, తడి లేకపోయినా.

వీడి పేరు మీద ఒక్క మచ్చ పడితే చాలని మూడేళ్లు కోరుకున్నాడు హన్మంతు. ఇప్పుడు పడుతోంది, అరవై మంది చూస్తుండగా, అచ్చులో. అది కూడా వాడే తెచ్చి పెట్టాడు. దాన్ని కూడా తన చేత్తో చేసే వీలు వాడు ఇవ్వలేదు.

“అన్నడు గదా,” అన్నాడు హన్మంతు. “రాసుకోండ్రి.”

రామ్మోహనరావు రాశాడు. “అంతేనాండి?”

“అంతే,” అని లేచాడు.